వంక లెక్క

కడప జిల్లా పోరుమామిళ్లలో భైరవాలయం ముందు రెండు రాతిపలకలు నిలిపి ఉన్నాయి. వాటిమీద సంస్కృత శ్లోకాల్లో చెక్కిన శాసనం 1369 నాటిది. విజయనగరాన్ని ఏలిన మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి సీమను పాలిస్తూ అక్కడ కట్టించిన చెరువు కథ అది. చెరువు పేరు అనంతరాజసాగరం. రెండేళ్లపాటు రోజుకు వెయ్యిమంది పనిచేశారనీ, రాయి తోలడానికి వంద బండ్లు తిరిగాయనీ శాసనం లెక్క చెబుతుంది. దానాలనూ వంశాలనూ కీర్తించే శాసనాలు మనకు వేలల్లో ఉన్నాయి. ఈ శాసనం మాత్రం ఒక పాఠ్యపుస్తకం. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలేమిటో, చెరువును చెడగొట్టే ఆరు దోషాలేమిటో వరుసగా చెబుతుంది. ధర్మబుద్ధీ ధనమూ ఉన్న పాలకుడు, నీటిశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమన్ను నేల, మూడు యోజనాల దూరం నుంచి తీయని నీరు తెచ్చే ఏరు, కట్టను ఆనించడానికి కొండలు, దగ్గర్లో పొడవైన తిన్నని రాళ్లు దొరికే గని, పని తెలిసిన మనుషుల జట్టు, ఇవన్నీ ఆ పన్నెండింటిలోవి. ఇక దోషాలు: కట్ట ఊట కారడం, నేల చవుడు కావడం, చెరువు నడుమ మిట్ట ఉండటం, నీరు తక్కువై భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీరు ఎక్కువ కావడం. ఈ అయిదూ ఈనాటి ఇంజనీరు కూడా చూసుకునేవే. మిగిలిన దోషానికి మట్టితోగానీ రాయితోగానీ సంబంధం లేదు. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం దోషమని శాసనం అంటుంది.

చవుడు, ఊట, మిట్ట అని చెబుతూ ఆ వరసలోనే సరిహద్దును కూడా చేర్చడం నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే సంగతి. నీరు వచ్చే పైనేల ఒకరి ఏలుబడిలో, కట్ట మరొకరి ఏలుబడిలో ఉంటే ఆ చెరువు ఎంత గట్టిగా కట్టినా నిండుతుందన్న నమ్మకం లేదు. పైవాడు అడ్డుకట్ట వేసుకోవచ్చు, వాగు మళ్లించుకోవచ్చు, అడిగే దారి ఉండదు. పరిపాలనలోని చీలికను నేలలోని లోపంతో సమానంగా లెక్కగట్టినవాళ్లు నీటిని బాగా అర్థం చేసుకున్నవాళ్లు. రాజ్యాలు పోయాయి గానీ ఆ దోషం పోలేదు. ఇప్పుడది ఊరికీ ఊరికీ మధ్య, శాఖకూ శాఖకూ మధ్య, చివరికి బోరుకూ పక్కబోరుకూ మధ్య ఉంది. కోస్తాలోనూ తెలంగాణలోనూ వాగు అనేదాన్నే రాయలసీమలో వంక అంటారు. పెన్నకో, చిత్రావతికో, సగిలేరుకో చేరే ఒక చిన్న వంకను తీసుకుంటే, దాన్ని కాపాడటమనే పని ఆ దోషాన్ని తొలగించడంతో మొదలవ్వాలి. అందుకు నాకు కనబడే దారి ఒకటే. ఆ వంకలో ఈ ఏడు ఎంత నీరు వచ్చింది, ఎంత పోతోంది అనే లెక్క, దాని వెంట బతికే జనం చేతిలో, అందరికీ కనబడేచోట ఉండాలి. చెట్లు నాటడం, చెక్‌డ్యాములు కట్టడం, పూడిక తీయడం అన్నీ దాని తర్వాతే.

ఎందుకంటే మన నేల స్వభావం అలాంటిది. అనంతపురం నుంచి మహబూబ్‌నగర్, నల్గొండల దాకా అడుగున ఉన్నది ఎక్కువగా గ్రానైటు, గ్నీసు రాళ్లు. పైన పది, ఇరవై మీటర్ల మందాన ఎండకూ వానకూ చివికి వదులైన పొర ఉంటుంది. దాని కింద గట్టి రాయి, అందులో అక్కడక్కడా బీటలు. నీరు నిలిచేది ఆ చివికిన పొరలోనూ ఆ బీటల్లోనూ మాత్రమే. ఘనపు మీటరు నేల నిండా నీరు పట్టినా బావిలోకి వదిలేది 20 లీటర్లు, కాస్త అటూ ఇటూ. గోదావరి డెల్టా ఒండ్రునేల దీనికి ఎన్నో రెట్లు వదులుతుంది. ఈ ఒక్క సంగతి నుంచే మెట్టప్రాంతపు బతుకంతా పుట్టుకొస్తుంది. 60 మిల్లీమీటర్ల వాన నేలలోకి ఇంకితే చాలు, బావిలో మట్టం మూడు మీటర్లు లేస్తుంది. అంత నీరు తోడితే అంతే దిగిపోతుంది. గట్టిరాయి నేలలో పదేళ్ల నీటిని దాచుకునే గాదె లేదు. ఈ ఏటి వాన దాదాపుగా ఈ ఏటికే. కాబట్టి సగటులు పట్టుకుని పదేళ్లకు ఒకేసారి వేసిన ప్రణాళిక ఇక్కడ పనికిరాదు. లెక్క ఏటేటా కొత్తగా వేసుకోవాలి.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహా వంకతో చూద్దాం. దాని పరీవాహక ప్రాంతం 50 చదరపు కిలోమీటర్లు అనుకుందాం, అంటే 12,350 ఎకరాలు. ఏడాది వాన 550 మిల్లీమీటర్లు; అనంతపురం సగటు ఇంచుమించు అంతే. ఆ నేలమీద పడే నీరు 2 కోట్ల 75 లక్షల ఘనపు మీటర్లు. వినడానికి చాలా పెద్ద అంకె. అందులో ఎక్కువ భాగం నేలమీది నుంచీ ఆకుల మీది నుంచీ ఆవిరైపోతుంది. రాతినేలలో ఇంకి బావులకు చేరేది పదో వంతనుకుంటే 27 లక్షల 50 వేల ఘనపు మీటర్లు మిగులుతుంది. వరికి పంటకాలం మొత్తంలో 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే ఎకరానికి 4,850 ఘనపు మీటర్లు పోతుంది. ఇంకిన నీరంతా, తాగడానికి చుక్క కూడా మిగల్చకుండా, వరికే పెట్టినా 570 ఎకరాలు పండదు. వరిమడిలోంచి తిరిగి ఇంకే నీటిని కలుపుకుంటే ఎనిమిది వందల ఎకరాల చిల్లర కావచ్చు. అదే నీటితో, 500 మిల్లీమీటర్లు చాలే వేరుశనగ అయితే 1,350 ఎకరాలు పండుతుంది. పన్నెండు వేల ఎకరాల వంకలో బోరు నీటికి భాగం ఇంతే. ఈ గుణకారాలు పదో తరగతి పిల్లలు చేయగలిగినవే. అయినా ఆ వంకలో బోరు వేసే రైతుకు ఈ అంకె ఎవరూ చెప్పరు. పక్కవాడికి పడింది కదా, నాకూ పడుతుంది అనే ఆశే అతనికి ఆధారం.

దిగుడుబావుల కాలంలో తొంగిచూస్తే మట్టం కనబడేది. మెట్లు ఎన్ని తేలాయో చూసి, ఈసారి వరి వద్దు, కొర్ర చాలు అనుకునేవారు. ఆరున్నర అంగుళాల బోరులో ఏమీ కనబడదు. మోటారు గాలి కక్కినప్పుడే సంగతి తెలుస్తుంది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. మెట్టరైతు బతుకు దృష్ట్యా దాన్ని నేను తప్పుపట్టను. కానీ తోడే నీటికి ఖర్చు అనే కొలత కూడా దాంతో పోయింది. కంటికి కనబడక, చేతికి ఖర్చు తగలక, నీరు పూర్తిగా చీకట్లోకి పోయింది. ఆ చీకట్లోనే మంచి పనులు కూడా చెడుపు చేశాయి. అప్పటి కర్నూలు జిల్లా డోన్, అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం మండలాల్లో శాస్త్రవేత్తలు నీటి ఆడిట్ చేశారు. దాని ఫలితాలు 2003లో ప్రచురితమయ్యాయి. వాటర్‌షెడ్ పథకాల పేరుతో పైన కట్టిన చెక్‌డ్యాములు, ఇంకుడు చెరువులు, వాటి ధైర్యంతో పెరిగిన బోర్లు, ఇవన్నీ కలిసి కింది పాతచెరువుల్లోకి వచ్చే నీటిని తగ్గించాయని తేలింది. పైవాళ్లు నేలకు నీరు ఇంకించారు, కింది ఊళ్ల చెరువులు ఎండాయి. వంకలో కొత్తగా నీరేమీ పుట్టలేదు, ఉన్నదే చేతులు మారింది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. కట్టడం లెక్క ఉంది, వంక లెక్క లేదు. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

పాతకాలంలో ఈ లెక్క ఎవరి దగ్గర ఉండేదో చూస్తే వారసత్వం అనే మాటకు అర్థం కొంత మారుతుంది. రామప్ప, పాకాల, లక్నవరం అనగానే మనకు కట్టలు గుర్తొస్తాయి. కట్ట నిలవడం వెనక ఒక మనిషి ఉన్నాడు. తెలంగాణలో నీరటి, సీమలో నీరుగంటి. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎన్ని జాముల నీరు ఎవరి మడికి పోవాలి, చెరువులో నీరు ఏ రాయికి దిగితే చివరి ఆయకట్టుకు అందదు, ముసురు పట్టిన రాత్రి కట్టలో ఎక్కడ చెమ్మ పుట్టింది, ఇదంతా అతని బుర్రలో ఉండేది. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు అతని మేర అతనికి వచ్చేది. సీమలో చెరువు కట్టినవారికీ మరమ్మతు చూసేవారికీ దశబంధం ఇనాములు ఉండేవి. పేరులోనే పదో వంతు ఉంది. అంటే చెరువు పండించిన దానిలోంచే చెరువు చూసుకునే ఖర్చు వెళ్లేది. అలుగు పారినప్పుడు, సీమ మాటలో చెరువు మరువ పోయినప్పుడు, గంగమ్మకు పెట్టే పూజ కూడా ఒక రకమైన నమోదే. ఏ ఏడు మరువ పోయింది, ఏ ఏడు పోలేదు అన్నది ఊరి పెద్దవాళ్లు పెళ్లిళ్లతోనూ పురుళ్లతోనూ ముడివేసి చెబుతారు. కాగితం మీద వానలెక్క లేని వంకల్లో చాలా ఏళ్ల చరిత్ర ఆ జ్ఞాపకాల్లోనే ఉంది.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. ఆ పాత ఏర్పాటును పొగడటమంటే దాని అన్యాయాన్ని కూడా నెత్తికెత్తుకోవడం కాదా? నీరటి పని చాలాచోట్ల దళిత కుటుంబాల వంతు. తూము ఎత్తే చేతులకు నీరు ఎవరికి పోవాలో తేల్చే అధికారం లేదు. పూడిక మోసిన శ్రమ ఎన్నో ఊళ్లలో వెట్టి. మద్రాసు ప్రభుత్వం 1858లో చట్టం చేసి మరీ చెరువు పనులకు ఊరి శ్రమను తప్పనిసరి చేసిందంటే, ఆ శ్రమ అందరూ ఇష్టంగా చేసిందేనని నమ్మడం కష్టం. ఆ చట్టం వచ్చాక కూడా చెరువుల క్షీణత ఆగలేదు. కాబట్టి ఊరు ఒకప్పుడు ఒక్కమాట మీద ఉండేది, అది తిరిగి రావాలి అనే వాదం నాది కాదు. ఆ ఊరిలో మాట కొందరిదే. తీసుకోవలసినవి రెండు: నీటి లెక్క పెట్టే మనిషి ఒకరు ఎప్పుడూ ఉండటం, ఆ మనిషి కూలి నీటి రాబడిలోంచే రావడం. వదిలేయవలసింది, ఆ లెక్క ఒక్కరి బుర్రలో దాగి, పెత్తనం మరొకరి చేతిలో ఉండటం.

ఇది పుస్తకాల్లో చెప్పుకునే ఆశ మాత్రమే కాదని చూపించిన ప్రయత్నం మన దగ్గరే జరిగింది. రైతుల యాజమాన్యంలో భూగర్భజలాలు అనే పేరుతో, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ మరికొన్ని సంస్థలను కలుపుకుని 2003 తర్వాత అయిదారేళ్లపాటు దాన్ని నడిపింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 600కు పైగా ఊళ్లు అందులో ఉన్నాయి. ఊరినిగానీ మండలాన్నిగానీ వాళ్లు యూనిట్‌గా తీసుకోలేదు. వంకనే యూనిట్‌గా తీసుకున్నారు. ఒక వంకలోకి నీరు జారే ఊళ్లన్నీ ఒక జట్టు. ఆ ఊళ్ల ఆడవాళ్లు, మగవాళ్లు వానకొలత పెట్టెలో ప్రతి వాననూ చదివారు. పదిహేను రోజులకోసారి ఎంచుకున్న బావుల్లోకీ బోర్లలోకీ టేపు దించి మట్టం రాశారు. డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి మోటారు ధార కొలిచారు. ఆ అంకెలన్నీ రచ్చబండ దగ్గర గోడమీదికెక్కాయి. ఖరీఫ్ వానలు ముగిసి రబీ మొదలయ్యే ముందు వంకలోని ఊళ్లన్నీ ఒకచోట కూర్చుని, మనం పైన వేసిన లాంటి లెక్కనే నిజమైన అంకెలతో వేసుకునేవి. నేలలో ఉన్నది ఇంత, అనుకున్న పంటలన్నీ వేస్తే కావలసింది ఇంత, తక్కువ పడేది ఇంత. అక్కడితో సమావేశం అయిపోయేది. ఎవరూ ఎవరికీ ఏ పంటా నిషేధించలేదు, జరిమానాలు లేవు. ఏం వేయాలన్నది ఎవరింటికి వాళ్లు వెళ్లి తేల్చుకునేవారు. 2010లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన నివేదిక ప్రకారం, మూడేళ్లలో ఈ వంకల్లో నూటికి 42 రబీలో తోడే నీటిని వరుసగా తగ్గించుకున్నాయి. 51 ఒక ఏడు తగ్గించి, ఒక ఏడు తగ్గించలేదు. పెంచినవి 7 మాత్రమే.

ఈ అంకెలను కళ్లకద్దుకుని ఊరుకోలేం. తర్వాతి కాలంలో ఆ ఊళ్లకు వెళ్లి చూసిన పరిశోధకులు కొందరు, పథకం ఉన్న ఊళ్లకూ లేని ఊళ్లకూ తేడా మొదట చెప్పినంత పెద్దది కాదన్నారు. పథకం డబ్బు ఆగాక కమిటీలు పలచబడ్డాయనీ, సమాచారం బాగా పంచినా నీటిలో వాటా పంచలేదనీ అన్నారు. ఈ మూడు మాటల్లో మొదటిది నేను సగం ఒప్పుకుంటాను. వర్షం బాగా పడిన ఏడు తోడటం తానే తగ్గుతుంది, ధరలు మారితే పంట తానే మారుతుంది. గోడమీది అంకెలవల్ల ఎంత, మిగతావాటివల్ల ఎంత అని విడదీయడం కష్టం. కానీ వాదన మొత్తం తగ్గిన శాతం మీద నిలబడి లేదు. ఆ ఊళ్లలో బడి చదువు అంతంతమాత్రమైన రైతులు తమ వంక నీటిలెక్కను తామే తయారుచేసి, దాన్నిబట్టి మాట్లాడుకోగలిగారు. ఇది నిపుణుల పని, ఊరికి చేతకాదు అనే మాటకు అక్కడితో చెల్లు. రెండోది, కమిటీలు పలచబడటం, నాకు అన్నిటికంటే ముఖ్యమైన సాక్ష్యంగా కనిపిస్తుంది. ఈ సంగతి మళ్లీ చివర్లో చెబుతాను.

మూడోది కష్టమైన ప్రశ్న. అయిదు బోర్లున్నవాడు గోడమీది అంకె చదివి, అయినా అయిదూ నడిపితే ఏం చేస్తాం? అంకె సిగ్గును పుట్టించగలదు, వాటాను పుట్టించలేదు. అయితే వాటా పుట్టిన చోట్లు కూడా ఉన్నాయి. అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ల రైతులు తమ బోర్లను పైపులతో కలిపారు, కొత్త బోరు వేయబోమని మాట ఇచ్చుకున్నారు. బోరు లేని పక్క పొలంలో వేరుశనగ ఊడలు దిగే వేళ వాన మొహం చాటేస్తే ఆ పైపులోంచి ఒకటి రెండు రక్షక తడులు పెట్టారు. బోరున్నవాడు ఎందుకు ఒప్పుకున్నాడు? పక్కవాడు కొత్త బోరు వేస్తే తన బోరే ముందు ఎండుతుందని అతనికి తెలుసు కాబట్టి. ఈ బేరానికి దయాగుణం అక్కర్లేదు, రెండు బోర్ల కింద ఉన్నది ఒకే నీరు అనే జ్ఞానం చాలు. ఆ జ్ఞానం కొలతలోంచి వస్తుంది. భూమి లేనివాళ్ల మాట మాత్రం ఇలాంటి బేరాలతో తీరదు. లెక్క రాసేటప్పుడు మొదటి పద్దుగా ఊరందరి తాగునీరూ పశువుల నీరూ తీసి పక్కన పెట్టి, మిగిలింది పంటలకు అని రాసుకుంటే తప్ప వాళ్ల హక్కు ఆ గోడమీదికి రాదు.

చట్టం చాలదా, జనం మీద ఇంత భారం ఎందుకు అని అడిగేవారున్నారు. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కొత్త బోరుకు అనుమతి తీసుకోమంటుంది. కానీ లక్షల బోర్ల వెంట తిరిగి చూసేందుకు ఏ ప్రభుత్వం దగ్గరా మనుషులు లేరు. 1997లో వచ్చిన రైతుల సాగునీటి యాజమాన్య చట్టం పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను పుట్టించింది. అది పెద్ద అడుగే. అయితే ఆ సంఘాల హద్దులు ఆయకట్టును బట్టి గీశారు. తూము కింద ఉన్నవాళ్లకు ఓటుంది. చెరువులోకి నీరు జారే పైనేలల్లో వాగు దున్నుకునేవాళ్లకూ, క్వారీ తవ్వేవాళ్లకూ, గొర్రెలు మేపేవాళ్లకూ ఆ సంఘంలో చోటు లేదు. చెరువు బతుకు సగం పైనే ఉండగా, కింది సగానికే సంఘం కట్టాం. ఇది సవరించవలసింది శాసనసభే, ఊరు సవరించలేదు. కాలువ ఆక్రమణలు తొలగించడం, తెగిన కట్ట తిరిగి పోయడం, వంకలో ఇసుక దోపిడీ ఆపడం కూడా ప్రభుత్వం పనులే. జనం పాల్గొనడమంటే ప్రభుత్వం చేతులు దులుపుకోవడం అని అర్థం చేసుకుంటే ఆ మాటే చెడిపోతుంది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజన ఊరే నీటి బడ్జెట్ వేసుకోవాలని ఏడు రాష్ట్రాల్లో చెప్పింది. ఆ ఆలోచనకు మన మెట్టజిల్లాల అనుభవం ఎంతో దగ్గరిది. ఆ ఏడింటిలో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు.

ఇక కట్టడాల సంగతి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులను లెక్కలోకి తెచ్చి, వేలాది చెరువుల్లో పూడిక తీయించింది. ఆ ఒండ్రుమట్టి తోలుకున్న పొలాలకు మేలు జరిగింది. పూడిక తీసిన చెరువు ఎక్కువ నీరు పట్టగలదు. పట్టగలగడం, నిండటం వేర్వేరు సంగతులు. గొలుసుకట్టులో పైచెరువు మరువ నీరు కిందచెరువుకు చేరే కాలువ పూడిపోయి ఉంటే, పై వంకలో బోర్లు నేలను పీల్చేసి ఉంటే, లోతు పెరిగిన చెరువు ఖాళీగా లోతుగా ఉంటుంది. పూడిక పని కాంట్రాక్టుకు ఇవ్వవచ్చు, ఒక వేసవిలో అయిపోతుంది. గొలుసు మొత్తానికి ఏటేటా నీటిలెక్క రాయడం కాంట్రాక్టుకు ఇచ్చే పని కాదు.

అందుకే పలచబడిన కమిటీల దగ్గరికి మళ్లీ వస్తాను. నీరటి తరతరాలు నిలిచాడు, ఆరేళ్ల పథకం కమిటీ నిలవలేదు. నీరటికి కల్లంలో మేర ఉంది, కమిటీకి బయటి నిధి ఉంది. బయటి నిధి ఏదో ఒకరోజు ఆగుతుంది. మన 50 చదరపు కిలోమీటర్ల వంకలో 20 బావులు ఎంచుకుని పదిహేను రోజులకోసారి మట్టం చూస్తే ఏడాదికి 480 కొలతలు, వానలు పడిన రోజుల చదువులు కొన్ని పదులు, రబీ ముందు ఒక సమావేశం. ఇద్దరు మనుషులకు పక్కపనిగా సరిపోతుంది. కావలసింది ఒక టేపు, నాలుగైదు వానకొలత పెట్టెలు, ఒక గోడ, కాస్త రంగు. ఆ ఇద్దరికీ ఇచ్చే కూలిని ఆ వంక నీటితో పండే వెయ్యి ఎకరాల చిల్లర మీద పంచితే, ఎకరానికి పడేది ఒక బస్తా ధాన్యంలో చిన్న భాగం. దశబంధంలా పదో వంతు అక్కర్లేదు, నూరో వంతు కూడా ఎక్కువే అవుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు వంక మొదటి ఊరివాళ్లు, మరొకరు చివరి ఊరివాళ్లు అయితే, పైవాడి బావి మట్టం కిందివాడికీ, కిందివాడి చెరువు మట్టం పైవాడికీ ప్రతి పదిహేను రోజులకూ తెలుస్తుంది.